పసుపు ముక్కుగుడ్డ

దుమ్ము కార్తె, సోమవారం

షెడ్డు దినచర్యలో బళ్ళ సంగతులు తప్ప మరేమీ రాయకూడదని ఎర్రలంక సంఘం వాళ్ళ నిబంధన. ఏ బండి వచ్చింది, ఏం మార్చాం, ఎవరు తీసుకెళ్ళారు, అంతే. ఈరోజు నా షెడ్డుకి ఒక్క బండీ రాలేదు. కాబట్టి ఎదురు షెడ్డు సంగతి రాస్తున్నాను. అదీ బళ్ళ సంగతే కదా.

ఎదురు షెడ్డు మంగతాయారుది. నా దగ్గరే పని నేర్చుకుంది. నట్టు ఎంతవరకు బిగించాలో, ఎక్కడ ఆపాలో చెయ్యి పట్టుకుని నేర్పింది నేను. ఇప్పుడు వీధికి అటుపక్క సొంత షెడ్డు పెట్టుకుని, సర్వీసింగు అయిన ప్రతి బండికీ హారతి ఇస్తోంది. చక్రాల కింద తోటగదిలో కాసిన నిమ్మకాయలు పెడుతుంది. క్యాబిన్‌లో దేవుడి పటం ముందు చిటికెడు కర్పూరం వెలిగిస్తుంది. ఆఖర్న గంట కొడుతుంది. మాది కప్పున్న వీధి, రెండు చివరలా ఇనప తలుపులు. ఆ గంట మోగిందంటే ఊళ్ళో ప్రతి చెవిలోనూ పడాల్సిందే.

జనానికి ఇంకేం కావాలి? వదిలిన గాలిని శుభ్రం చేసే జల్లెడ మార్చారా, నట్లు చూశారా అని అడిగేవాడు ఒక్కడూ లేడు. "తాయారమ్మ చేతి హారతి పడిందండీ, ఇంక బయటికెళ్ళినా భయం లేదు" అంటారు. బయట పీల్చడానికి గుక్కెడు గాలి లేని ఊళ్ళో మనిషి ప్రాణం బండి చేతిలో ఉంటుంది, బండి ప్రాణం మేస్త్రీ చేతిలో ఉంటుంది. అలాంటి నమ్మకాన్ని చిటికెడు కర్పూరానికి అమ్మేస్తారా?

నాది కుళ్ళు అంటుంది మా ఆవిడ వరాలు. కుళ్ళు కాదు, కడుపుమంట. రెండింటికీ తేడా ఉంది. కుళ్ళు ఊరికే పుడుతుంది, కడుపుమంటకి కారణం ఉంటుంది.

మంగళవారం

బడి నడిపే కామేశ్వరం మాస్టారు బండి తెచ్చారు. నా మీద ప్రేమతో కాదు, తాయారు దగ్గర వరస పెద్దగా ఉందట.

"కుడి చక్రం కీచుమంటోంది అబ్బులూ, కాస్త చూడరాదూ? మొన్ననే తాయారు దగ్గర సర్వీసింగు అయింది. ఆ అమ్మాయి పనికి వంక పెట్టడానికి లేదనుకో" అన్నారు. నా షెడ్డులో నిలబడి, నా బల్ల మీద కూర్చుని, నా టీ తాగుతూ అన్న మాట ఇది.

గ్రీజు చాల్లేదు, వేశాను. తలుపు దగ్గర కీచుమంటోందేమోనని క్యాబిన్‌లోకి ఎక్కాను. తల ఎత్తి చూసేసరికి పైకప్పు కింద పసుపు రంగు గుడ్డ టోపీ కనిపించింది. సరిగ్గా బండి ముక్కు మీద.

మేస్త్రీలు ముక్కు అంటారు గానీ అదొక చిన్న డబ్బా. క్యాబిన్‌లో గాలి చెడితే కెవ్వుమని అరుస్తుంది. పొగ తగిలినా అరుస్తుంది. అందుకే హారతి వెలిగించే ముందు తాయారు దానికి టోపీ తొడుగుతుంది. హారతి అయ్యాక తియ్యాలి. తియ్యలేదు. మాస్టారు నిన్నంతా ఈ ముక్కు మూసిన బండిలోనే కొండ అవతల బడికి వెళ్ళి వచ్చారు. జల్లెడ బాగుంది కాబట్టి సరిపోయింది. బాగుండకపోతే ఆయనకి తెలిసేది కూడా కాదు.

ఉన్నదున్నట్టు రాస్తాను. నా ఒంట్లో ముందు పుట్టింది భయం కాదు, సంతోషం. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. టోపీ ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మాస్టారితో చక్రం సంగతి మాత్రం చెప్పాను.

ఆదివారం సంఘం సభ. లేచి నిలబడి జేబులోంచి దీన్ని తీస్తాను. నోటితో ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

బుధవారం

పొద్దున్నే తాయారు వచ్చింది. షెడ్డు పెట్టాక నా గడప తొక్కడం ఇదే మొదలు. మొహం పీక్కుపోయి ఉంది.

"మేస్త్రీ గారూ, మా దగ్గర చేయించుకున్న బళ్ళేవైనా మీ దగ్గరికొచ్చేయాండి?"

"నీ బళ్ళు నా దగ్గరికెందుకొస్తాయమ్మా? హారతి ఇవ్వడం రాదు కదా నాకు" అన్నాను.

ఆ దెప్పుడు పట్టించుకోలేదు. "ముక్కుగుడ్డ ఒకటి కనపడ్డం లేదండి. రోజూ పని అయ్యాక అన్నీ మేకుకి తగిలిస్తానండి. మొన్న చూస్తే ఒకటి తక్కువుంది. షెడ్డంతా తిరగేసేనండి. ఏ బండిలోనో ఉండిపోయిందండి. ఎవరి బండో తెలవట్లేదండి."

"ఓహో" అన్నాను.

"మీ దగ్గరికేం రాలేదాండి?"

"రాలేదు."

జేబు మీద చెయ్యి వేసుకునే ఆ మాట అన్నాను. గుడ్డ మెత్తగా తగులుతూనే ఉంది. తాయారు వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

అయినా నేను చేసిన నష్టం ఏముంది? గుడ్డ ఊడదీసేశాను. మాస్టారి ప్రాణానికి ముప్పు లేదు. ఆదివారం దాకా ఆవిడకి నిద్ర పట్టకపోతే ఆవిడ తప్పు, నాది కాదు.

గురువారం

ఎదురుగా తిరునాళ్ళు. పొద్దున్నుంచి గంట మోగుతూనే ఉంది. తాయారు వీధి మధ్యలో బల్ల ఎక్కి నిలబడి చెప్పిందట. "నా పొరపాటేనండి. ముక్కుగుడ్డ ఒకటి తియ్యడం మర్చిపోయేను. నా దగ్గర చేయించుకున్నోళ్ళందరూ ఓసారి బండి తీసుకురండి, నేనే చూసుకుంటాను. అందాకా దయచేసి బయటి తలుపు దాటకండి."

ఇంకొకరైతే ఆ రోజే షెడ్డు మూసుకోవాల్సి వచ్చేది. ఈవిడకి మాత్రం తప్పు ఒప్పుకున్నందుకు ఇంకో నాలుగు బళ్ళు ఎక్కువ వచ్చాయి. "చూశారా, ఎంత నిజాయితీయో!" అని ఒకరు. "ఇంకోళ్ళయితే చెప్తారా?" అని ఇంకొకరు. ఆ ఇంకొకడు నా కిటికీ వైపు చూస్తూ అన్నాడు. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడని ఊరికే అన్నారా! ఆదివారానికి దాచుకున్న కత్తి నా జేబులోనే మొద్దుబారిపోయింది. ఇప్పుడు తీసి చూపిస్తే "అయితే బుధవారం ఎందుకు చెప్పలేదు?" అని నన్నే అడుగుతారు.

సాయంత్రం అన్నం తింటుంటే వరాలు అంది. "రేపు నా బండి కూడా తాయారుకి చూపించాలండి. రమ్మంది."

వరాలు మంచుగోతి నుంచి ఊరికి మంచుదిమ్మలు తెస్తుంది. ఊరంతా తాగే నీళ్ళు ఆవిడ బండిలో రావలసిందే.

"నీ బండి ఎందుకు? నువ్వేమన్నా ఆవిడ దగ్గర చేయించుకున్నావా?"

వరాలు మజ్జిగ పోసుకుంది. తర్వాత మెల్లిగా అంది. "క్రితం కార్తె నుంచి అక్కడే చేయిస్తున్నానండి."

ఊరంతా పోయినా ఒక్క బండి నాదే అనుకున్నాను. అది కూడా వీధి దాటిపోయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇలాగ మొహం పెడతారని. మీకు ఎన్నిసార్లు చెప్పానండీ నా బండి చూడమని? బయటోళ్ళ బళ్ళయ్యాక చూస్తాలే అంటారు. బయటోళ్ళెవరూ రాకపోయినా అదే మాట."

దీపం కింద చీకటి అంటే ఏమిటో నా కంచం ముందు కూర్చుంటే తెలిసింది. కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు.

"రేపు నేను చేస్తాను. ఆవిడ కన్నా బాగా చేస్తాను. హారతితో సహా" అన్నాను.

"హారతి కోసం కాదండీ నేనెళ్ళింది" అంది వరాలు. "అయినా తాయారుకి మాటిచ్చాను. మీరు చేసినా సరే, ఎల్లుండి తిరిగొచ్చేటప్పుడు ఓసారి చూపించే వస్తాను. పాపం, ఆ గుడ్డ కోసం తిండి కూడా మానేసింది."

శుక్రవారం

మంచుబండికి పూర్తి సర్వీసింగు. ఇది అసలైన దినచర్య, సంఘం వాళ్ళు తృప్తిగా చదువుకోవచ్చు.

చక్రాల నట్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను. గ్రీజు వేశాను. బ్రేకులు చూశాను. తలుపు రబ్బరు పాతబడింది, కొత్తది వేశాను. గాలి జల్లెడ మార్చాను. కొత్తది అట్టపెట్టెలోంచి తీసి గూట్లో పెడుతుండగా ఎదురుగా గంట మోగింది. ఎవరి బండో అని కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. సంఘం అధ్యక్షుడిది! నా దగ్గర పన్నెండేళ్ళు చేయించుకున్న మనిషి, హారతి కళ్ళకద్దుకుంటున్నాడు. కాసేపు చూసి వచ్చి జల్లెడ గూటికి మూత బిగించాను. నట్టు కొంచెం గట్టిగానే తిప్పాను, కోపంలో.

ఆ తర్వాత హారతి. తాయారు చిటికెడు వెలిగిస్తే నేను గుప్పెడు వెలిగించాను. భూమి నుంచి ఓడలో వచ్చిన కర్పూరం, మా పెళ్ళినాటి నుంచి డబ్బాలో దాచింది. ముక్కుకి టోపీ కుట్టే తీరిక లేక నీలం టేపు ముక్క చింపి అంటించాను. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. గంట లేదు కాబట్టి స్పానరుతో ఇనప పలక మీద కొట్టాను. గంట కంటే పెద్దగా మోగింది.

వరాలు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళకద్దుకుంది. "బాగుందండీ. నా బండికి మీరు ఇంత చెయ్యడం ఎప్పుడు చూశాను!" అంది. ఆవిడ మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. ఆ చప్పుడుకి తాయారు కూడా తన గుమ్మంలోకి వచ్చి చూసింది. నేను తల ఎగరేశాను.

ఈ రాత్రి నాకు హాయిగా నిద్ర పడుతుంది.

శనివారం

అక్షరాలు వంకరగా వస్తే ఏమీ అనుకోవద్దు.

వరాలు ఉదయం మంచుగోతికి వెళ్ళింది. మామూలుగా రెండు విడతలు మంచు ఎత్తి సాయంత్రానికి వస్తుంది. మధ్యాహ్నమే వీధి చివర తలుపు తెరుచుకుని మంచుబండి లోపలికి రావడం కిటికీలోంచి చూశాను. నా షెడ్డుకే వస్తుందనుకున్నాను. బండి కాస్త అటూ ఇటూ ఊగి, వీధి దాటి, తాయారు షెడ్డులోకి వెళ్ళింది.

నిన్న గుప్పెడు కర్పూరం వెలిగించాను. అయినా అటే వెళ్ళింది. అలిగి కిటికీ మూసేశాను. అవతల తాయారు కేకలు వినిపించాయి. ఎవరికో హారతి ఇస్తోందనుకున్నాను. రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అవతల మా ఆవిడకి ఊపిరి ఆడక తాయారు కేకలు పెడుతుంటే ఇవతల నేను కిటికీ మూసుకుని అలిగి కూర్చున్నాను.

తలుపు దబదబా కొడితే తీశాను. తాయారు నా చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. వరాలు నేల మీద పడుకుని ఉంది. మొహానికి గాలిబుడ్డి. పెదాలు నల్లబడి ఉన్నాయి. నన్ను చూసి కళ్ళు తెరిచింది. నేను అక్కడే కూలబడి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాను.

"తల పగిలిపోతోందండీ" అంది. "వెళ్ళేటప్పుడే ఒకటే నిద్ర. ముక్కు అరవలేదు కదా, బండికేం లేదు, నాకే ఒంట్లో బాలేదనుకున్నాను. మీ చేత్తో చేశారు కదా, ఇంక బండికేం అవుద్దిలే అనుకున్నాను."

ఈ మాట విన్నాక నాకు ఇంకే శిక్షా అక్కర్లేదు.

రెండో విడత మంచు కూడా ఎత్తుకుని వద్దామనుకుందట. తాయారు ఎదురుచూస్తూ ఉంటుందని గుర్తొచ్చి, ఇచ్చిన మాట పోతుందని తిరిగి వచ్చేసింది. ఆ రెండో విడత కోసం ఆగి ఉంటే మంచుగోతి దగ్గరే నిద్రపోయేది.

వరాలు కాస్త తేరుకున్నాక తాయారు నన్ను బండి దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక చేతిలో నీలం టేపు ముక్క. ఇంకో చేతిలో పల్చటి ప్లాస్టిక్ పొర, కొత్త జల్లెడ మీద ఉండేది. అది ఒలిచి గూట్లో పెట్టాలని తాయారుకి నేర్పింది నేనే. నిన్న గంట మోగితే కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వచ్చి మూత బిగించాను. మధ్యలో ఒలవలేదు. వరాలు వదిలిన గాలే వరాలు మళ్ళీ పీలుస్తూ వెళ్ళింది. అరవాల్సిన ముక్కుకి నేనే టేపు వేశాను.

"ఇవి మీవేనండి" అంది తాయారు.

తిడితే బాగుండేది. ఆ రెండూ నా చేతిలో పెట్టి నిలబడింది. నేను జేబులోంచి పసుపు టోపీ తీసి ఇచ్చాను. వేరే ఏం చెయ్యాలో తెలియలేదు.

తాయారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరి బండిలోదండి?"

"కామేశ్వరం మాస్టారిది."

"మాస్టారికేం అవ్వలేదు కదండి?"

"ఏం కాలేదు. మంగళవారమే తీసేశాను."

"హమ్మయ్య" అని చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. అది బాధ కాదు, బరువు దిగిన ఏడుపు. ఒక మనిషి బతికి ఉన్నాడని తెలిసి అంత తేలికపడడం నేను దగ్గరగా చూశాను. ఆ టోపీ దొరికిన రోజు నాకు ఆ "హమ్మయ్య" రాలేదు. సంతోషం వచ్చింది గానీ మాస్టారు బతికి ఉన్నందుకు కాదు. ఆ క్షణంలో కూడా తాయారుని చూసి నాకు కడుపు మండింది. పని నేనే నేర్పాను, ఈ ఒక్కటీ నేను నేర్పలేదు, నా దగ్గర లేదు.

కాసేపటికి కొంగు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మంగళవారం తీసేరా? బుధవారం నేనొచ్చి మిమ్మల్నే అడిగేను కదండీ!"

"అడిగావు."

"రాలేదన్నారు. ఎదురుగుండా కూచుని, నేను బళ్ళన్నీ ఎక్కి దిగుతుంటే కిటికీలోంచి చూసేరు. ఇన్నాళ్ళు మీ ఉప్పు తిన్నాను మేస్త్రీ గారూ, నన్నింత చేస్తారాండి?" అని లేచి నిలబడింది. "రేపు సభలో మీరే చెప్పాలండి. రెండూ చెప్పాలి. నేను చెప్తే కుళ్ళుతో చెప్పేనంటారు."

ఆదివారం

చెప్పాను. ఒక చేతిలో పసుపు టోపీ, ఇంకో చేతిలో నీలం టేపు పట్టుకుని చెప్పాను. బుధవారం ఆడిన అబద్ధం కూడా చెప్పాను. గురువారం తాయారు ఒప్పుకుంటే మెచ్చుకున్న జనం, నేను ఒప్పుకుంటే నోరు మూసుకుని చూశారు. ఆవిడది మరుపు, నాది మరుపూ అబద్ధమూ కలిపి. జనానికి ఆ తేడా బాగానే తెలుసు.

అధ్యక్షుడు నా షెడ్డు మూసేద్దామన్నాడు. ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న వరాలు లేచింది. అందరూ ఏమంటుందోనని చూశారు.

"మూసేస్తే ఎలాగండీ? అప్పుడు ఊరికి ఒక్క షెడ్డే ఉంటది. తాయారూ మర్చిపోయింది, మా ఆయనా మర్చిపోయాడు. ఒకళ్ళు చేసింది రెండోవాళ్ళు చూడందే ఏ బండీ బయటి తలుపు దాటకూడదు. నా బండి తాయారు చేస్తది, ఈయన చూస్తాడు. మా ఆయన చూపు సంగతి నాకు తెలుసు. తాయారు పనిలో తప్పు ఉందంటే ఈయన కన్ను తప్పించుకోలేదు."

సభంతా నవ్వింది. తాయారు కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. అధ్యక్షుడి మాటకి కాక వరాలు మాటకే సంఘం ఒప్పుకుంది.

దుమ్ము కార్తె చివరి రోజు

నా షెడ్డులో కూడా గోడకి మేకు కొట్టాను. టేపు మానేశాను. వరాలు పాత నీలం చీర చింపి టోపీలు కుట్టిపెట్టింది. టోపీ తీసేదాకా బండి తలుపు పడకుండా, ఒక్కో టోపీకి చీర అంచు గుమ్మంలోకి వేలాడేలా పొడుగ్గా వదిలింది. ఊళ్ళో అందరూ ఇది తాయారు తెలివి అనుకుంటున్నారు. నేను దిద్దబోతే వరాలు మొట్టికాయ వేసింది.

ఈరోజు తాయారు మంచుబండి సర్వీసింగు చేసి, వీధి దాటించి నా దగ్గరికి పంపింది. తలుపులు బార్లా తీసి మొదలుపెట్టాను. జల్లెడ తీశాను, పొర ఒలిచి ఉంది. ముక్కు చూశాను, టోపీ లేదు. ఊది చూస్తే అరిచింది కూడా. ఒక్కో నట్టుకీ స్పానరు పెట్టి చూశాను. బండి కిందకి దూరాను. తలుపు రబ్బరు వేలితో తడిమాను. ఎదురుగా గంట మోగింది. తల కూడా తిప్పలేదు, ఎక్కడ ఆపానో మర్చిపోతానని. ఒక్క చిన్న తప్పు, ఒక్క అరతిప్పు వదులు నట్టు దొరికినా చాలనుకుంటూ వెతికాను. నేను నేర్పినదాని కంటే శుభ్రంగా చేసింది. గ్రీజు కూడా అంచు దాటలేదు.

వరాలు మంచుగోతికి బయల్దేరడానికి చేతిసంచితో వచ్చి నిలబడింది.

"అయిందాండీ? ఏమన్నా దొరికిందా?"

"ఏమీ లేదు" అన్నాను.

వరాలు నా మొహంలోకి చూసి బండి ఎక్కింది. "ఏమీ లేదని అంత ఏడుపుమొహంతో చెప్తారేంటండీ? ఇందులో వెళ్ళేది నేను!"